కోపర్‌కి పంపే ముందు మాక్‌లో: ఫెడోరా ప్యాకేజీ బిల్డ్‌ని ఆటోమేట్ చేసుకోండిలా

ఫెడోరా లినక్స్ అధికారిక ప్యాకేజీలన్నీ కోజీ అనే బిల్డ్ వ్యవస్థ సర్వర్ల మీద బిల్డ్ అవుతాయి. ఫెడోరా ఖాతా ఉన్నవాళ్లు సొంత రిపో (ప్యాకేజీల నిల్వ) పెట్టుకోడానికి కోపర్ అనే సేవ ఉంది. రెండింటికీ అడుగున పనిచేసేది మాక్ (mock) అనే బిల్డ్ పనిముట్టు. అది ప్రతి బిల్డ్‌కీ కొత్త క్రూట్ (chroot, మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన చిన్న వాతావరణం) కడుతుంది. అందులో కనీస పనిముట్లు, వాటికి తోడు మీ స్పెక్ ఫైల్‌లో (ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) బిల్డ్‌రిక్వైర్స్ కింద, అంటే బిల్డ్‌కి కావాల్సినవాటి జాబితాలో, రాసినవి మాత్రమే ఉంటాయి. మీ లాప్‌టాప్‌లో ఏళ్లుగా పోగైన లైబ్రరీలు దాని కంటికి కనబడవు. కాబట్టి "నా మెషీన్‌లో బిల్డ్ అయింది కదా" అన్న మాట సర్వర్ దగ్గర చెల్లదు. తప్పేదో ఇంట్లోనే, మాక్‌లోనే బయటపడనివ్వండి.

ముందు ఫెడోరా ప్యాకేజీ మేనేజర్ డీఎన్ఎఫ్‌తో మాక్, ఆర్‌పీఎండెవ్‌టూల్స్, కోపర్-సీఎల్ఐ ఇన్‌స్టాల్ చేయండి. మీ యూజర్‌ని 'మాక్' గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. ఇది మర్చిపోతే పర్మిషన్ దగ్గరే ఆగిపోతారు. స్పెక్‌టూల్‌తో సోర్స్ దింపుకుని, ఆర్‌పీఎంబిల్డ్ -బీఎస్‌తో సోర్స్ ఆర్‌పీఎం (సోర్స్, స్పెక్ కలిపి కట్టిన ప్యాకేజీ) తయారు చేయండి. దాన్ని ఫెడోరా-రాహైడ్-ఎక్స్86_64 కాన్ఫిగ్ (రాహైడ్ అంటే ఫెడోరా తయారీలో ఉన్న వెర్షన్) పెట్టి మాక్ --రీబిల్డ్‌కి ఇవ్వండి. మొదటిసారి క్రూట్ ప్యాకేజీలన్నీ దిగాలి కాబట్టి ఆలస్యమవుతుంది. తర్వాత కాష్ ఉంటుంది.

బిల్డ్ పడిపోతే /వార్/లిబ్/మాక్ కింద ఆ క్రూట్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో 'రిజల్ట్' తెరవండి. చాలామంది నేరుగా బిల్డ్ లాగ్ చదివి తలపట్టుకుంటారు. డిపెండెన్సీ దొరకకపోతే ఆ సంగతి రూట్ లాగ్‌లో ఉంటుంది, బిల్డ్ లాగ్‌లో కాదు. బిల్డ్ లాగ్‌ని కింది నుంచి పైకి చదవండి. చివర్లో కనిపించే 'బ్యాడ్ ఎగ్జిట్ స్టేటస్' ఫలితం మాత్రమే, కారణం దానికి చాలా పైన దొరుకుతుంది.

తరచూ ఎదురయ్యేవి మూడు. ఒకటి, సీ కంపైలర్ జీసీసీ కనబడలేదని కాన్ఫిగర్ స్క్రిప్ట్ ఆగిపోవడం. 2018లో వచ్చిన ఫెడోరా 29 నుంచి జీసీసీ క్రూట్‌లో ముందే ఉండదు, బిల్డ్‌రిక్వైర్స్‌లో రాయాల్సిందే. రెండు, నెట్‌వర్క్. బిల్డ్ మధ్యలో పిప్, కార్గో, ఎన్‌పీఎం ఏదైనా దింపబోతే మాక్‌లో నెట్ ఉండదు కాబట్టి హోస్ట్ దొరకదు. కోపర్‌లో నెట్ తెరిచే ఆప్షన్ ఉన్నా దాని మీద ఆధారపడకండి, రేపు కోజీకి వెళ్తే అక్కడ ఆ వెసులుబాటు లేదు. కావాల్సిన క్రేట్లు (రస్ట్ లైబ్రరీలు), మాడ్యూళ్లు అన్నీ ఒక టార్‌బాల్‌గా కట్టి 'సోర్స్1' కింద పెట్టండి. మూడు, ఇన్‌స్టాల్ అయిన ఫైలు ప్యాకేజీలో లేదన్న ఫిర్యాదు. ఆ ఫైలు ఏమిటో చూసి ఫైల్స్ విభాగంలో చేర్చండి, అక్కర్లేనిదైతే ఇన్‌స్టాల్ దశలోనే తీసేయండి.

మాక్‌లో నెగ్గాక కోపర్‌లో ప్రాజెక్టు తెరిచి, కావాల్సిన క్రూట్‌లు టిక్ చేయండి. ఏపీఐ పేజీలో ఇచ్చిన టోకెన్‌ని హోమ్ ఫోల్డర్‌లోని .కాన్ఫిగ్/కోపర్ ఫైల్‌లో పెట్టండి. టోకెన్ 180 రోజుల తర్వాత చెల్లదు, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. ఇక ఆటోమేషన్: ప్యాకేజీ రకాన్ని ఎస్‌సీఎంగా (గిట్ లాంటి సోర్స్ భాండారం నుంచి తీసుకునేది) ఎంచుకుని గిట్ చిరునామా, స్పెక్ ఫైల్ పేరు ఇవ్వండి. ఆటో-రీబిల్డ్ టిక్ చేయండి. సెట్టింగ్స్‌లోని ఇంటిగ్రేషన్స్ పేజీలో దొరికే వెబ్‌హుక్ చిరునామాని (పుష్ జరిగిందని కోపర్‌కి కబురు చేరే చోటు) గిట్‌హబ్‌లో అతికించండి. ఆ చిరునామాలోనే రహస్య కీ ఉంటుంది కాబట్టి ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. ఇకనుంచి పుష్ చేసిన ప్రతిసారీ బిల్డ్ మొదలవుతుంది. అయితే వెర్షన్‌గానీ రిలీజ్‌గానీ పెరగకపోతే బిల్డ్ పచ్చగా కనిపించినా వాడేవాళ్ల డీఎన్ఎఫ్‌కి కొత్తది వచ్చినట్టే తెలియదు. రిలీజ్ నంబర్ గిట్ నుంచి దానంతటదే పెరిగేలా ఆర్‌పీకేజీ మాక్రోలు వాడితే ఈ బెడద ఉండదు.

ఒక లైబ్రరీ, దాని మీద ఆధారపడ్డ అప్లికేషన్ రెండూ మీవే అయితే వరుస ముఖ్యం. లైబ్రరీ బిల్డ్ ఐడీని కోపర్-సీఎల్ఐలో --ఆఫ్టర్-బిల్డ్-ఐడీకి ఇస్తే అప్లికేషన్ దాని తర్వాతే మొదలవుతుంది.

అసలు కష్టం వేరే ఆర్కిటెక్చర్ల (ప్రాసెసర్ రకాల) దగ్గర. ఎక్స్86లో నెగ్గిన సీ ప్రోగ్రామ్ ఏఆర్చ్64లో (64-బిట్ ఆర్మ్) కదలక మెదలక ఉండిపోతుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు. చూస్తే కమాండ్ ఆప్షన్లు చదివే గెట్ఆప్ట్ ఫంక్షన్ ఇచ్చిన విలువని 'చార్' రకం వేరియబుల్‌లో దాచి, అది -1 అయ్యేదాకా తిరిగే లూప్ ఉంటుంది. ఎక్స్86లో చార్‌కి ప్లస్-మైనస్ గుర్తు ఉంటుంది. ఏఆర్చ్64, పీపీసీ64ఎల్ఈ, ఎస్390ఎక్స్‌లలో ఉండదు, -1 కాస్తా 255 అవుతుంది, లూప్ ఎప్పటికీ ఆగదు. ఆ ప్రోగ్రామ్‌ని చెక్ దశలో టెస్టులు నడిపితే బిల్డ్ టైమవుట్ దాకా అలాగే కూర్చుంటుంది. వేరియబుల్‌ని 'ఇంట్'గా మార్చి, ఆ ప్యాచ్‌ని అసలు ప్రాజెక్టుకీ పంపండి. చెక్ దశని ఎత్తేయడం మాత్రం పరిష్కారం కాదు. లోహిత్ తెలుగు లాంటి ఫాంట్ ప్యాకేజీలకి ఈ బాధ లేదు, స్పెక్‌లో బిల్డ్ఆర్చ్ నోఆర్చ్ (ఏ ఆర్కిటెక్చర్‌కైనా ఒకటే ప్యాకేజీ) అని రాస్తే చాలు.

సీ++ ప్రాజెక్టుల్లో కంపైలర్ 'కిల్డ్' అని చచ్చిపోతే కోడ్‌ని అనుమానించకండి, మెమరీ చాలలేదు. సమాంతర జాబుల సంఖ్య తగ్గించండి. పెద్ద ఫైళ్లకి ఒక్కో జాబుకి 2 జీబీ లెక్క వేసుకుంటే పని జరుగుతుంది.

కొత్త బిల్డ్ నెగ్గాక కోపర్ పాతదాన్ని 14 రోజులకి తీసేస్తుంది. మీ యూజర్లు వెనక్కి వెళ్లాల్సి రావచ్చు కాబట్టి సోర్స్ ఆర్‌పీఎంలు మీ దగ్గరా ఉంచుకోండి.