వెబ్ పేజీ రూపకల్పన – 4వ పాఠం: నొక్కకముందే తెలియాలి

గత పాఠంలో పేజీలోని అంశాలను ప్రాధాన్యాన్ని బట్టి అమర్చడం నేర్చుకున్నాం. వాటిలో ఏవి నొక్కదగినవో, ఏవి చదవడానికి మాత్రమే ఉన్నాయో వాడుకరికి చూపుతోనే తెలియజేయడం ఈ పాఠం విషయం. సాధనకు బస్సు టికెట్ బుకింగులో సీట్లు ఎంచుకునే పేజీని తీసుకుందాం. బటన్‌కూ, చెక్‌బాక్స్‌కూ అందరికీ అలవాటైన రూపం ఒకటి ఉంది. సీటు బొమ్మకు అటువంటిది లేదు కనుక దాని సంకేతాలన్నీ మనమే సమకూర్చాలి.

ఒక వస్తువుతో చేయగలిగిన పనుల అవకాశాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 'అఫర్డెన్స్' అన్నారు. 1988లో దానిని డిజైన్ రంగంలోకి తెచ్చిన డోనల్డ్ నార్మన్, ఆ అవకాశాన్ని మనిషికి తెలియజేసే గుర్తును తరువాతి కాలంలో 'సిగ్నిఫయర్' అని వేరుచేసి చెప్పారు. టచ్ స్క్రీన్ మీద ఎక్కడైనా వేలు పెట్టవచ్చు కాబట్టి మన పని దాదాపు అంతా రెండో దానితోనే.

సీటుకు మూడు స్థితులు ఉంటాయి: ఖాళీ, మీరు ఎంచుకున్నది, ఇతరులకు అమ్ముడైనది. చాలా పేజీలు వీటికి ఆకుపచ్చ, ఎరుపు, బూడిద రంగులు వేసి ఊరుకుంటాయి. అప్పుడు ఎర్రని సీటు నేను ఎంచుకున్నదా, మరొకరు కొన్నదా అన్నది పేజీ అడుగున ఉన్న సూచిక చూస్తే తప్ప తెలియదు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేనివారికి ఆ సూచిక కూడా పనికిరాదు. వెబ్ అందుబాటు మార్గదర్శకాలైన డబ్ల్యుసీఏజీ, రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదని తమ తొలి స్థాయి నియమాల్లోనే పేర్కొన్నాయి. అందుచేత ఖాళీ సీటుకు తెల్లని లోభాగం, ముదురు అంచు ఇవ్వండి. ఎంచుకున్న సీటును ముదురు రంగుతో నింపి, తెల్లని టిక్కు పెట్టండి. అమ్ముడైన సీటుకు అంచు తీసేసి, లేత బూడిద నింపి, అడ్డంగా ఒక గీత గీయండి. ఇప్పుడు రంగులన్నీ తీసేసినా మూడూ మూడుగానే కనిపిస్తాయి.

మహిళలకు కేటాయించిన సీటు విషయంలో ఎక్కువమంది పొరపడతారు. దానికి నాలుగో స్థితి అన్నట్టుగా గులాబీ రంగు నింపుతారు. కానీ కేటాయింపు స్థితి కాదు. ఆ సీటు కూడా ఖాళీగా ఉండవచ్చు, అమ్ముడై ఉండవచ్చు. 'దీన్ని నొక్కవచ్చా' అనే ప్రశ్నకు జవాబు అంచు, నింపు చెప్పాలి. 'ఇది ఎవరికి' అనే ప్రశ్నకు జవాబు సీటు లోపలి చిన్న గుర్తో, 'మహిళ' అనే అక్షరాలో చెప్పాలి. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే రంగుతో జవాబు చెప్పబోతే రెండూ తెలియకుండా పోతాయి.

అంచు ఎంత ముదురుగా ఉండాలనేదానికి కొలత ఉంది. 2018లో వచ్చిన డబ్ల్యుసీఏజీ 2.1 ప్రకారం, కంట్రోల్‌ను, అంటే బటన్, సీటు వంటి నొక్కదగిన అంశాన్ని, గుర్తించడానికి అవసరమైన గీతకూ దాని పక్కనున్న రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా నిష్పత్తి) కనీసం 3:1 ఉండాలి. తెల్లని నేపథ్యం మీద హెక్స్ కోడ్ (రంగును తెలిపే ఆరు అక్షరాల సంకేతం) 949494 గల బూడిద రంగు ఆ హద్దును కొద్దిగా దాటుతుంది. సీటు నంబరు మామూలు పరిమాణపు అక్షరాల్లో ఉంటే 4.5:1 కావాలి, దానికి 767676 సరిపోతుంది. పనిచేయని కంట్రోల్‌కు ఈ నియమాల నుంచి మినహాయింపు ఉన్నా, అమ్ముడైన సీటు నంబరు కూడా చదవగలిగేలా ఉంచడమే మేలు. పక్క సీటు ఏదో లెక్కవేసుకునేవారికి అది అవసరం.

పరిమాణం కూడా సంకేతమే. నొక్కే చోటుకు డబ్ల్యుసీఏజీ 2.2 కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెళ్ల చదరం అడుగుతుంది (సీఎస్ఎస్ అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే భాష). ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు 48 డీపీ, ఆపిల్ 44 పాయింట్లు సూచిస్తాయి; డీపీ, పాయింటు ఆయా ఫోన్లలో తెర కొలతకు వాడే ప్రమాణాలు. వరుసకు అయిదు సీట్లున్న బస్సులో నడవతో కలిపి ఆరు గడులు అనుకుంటే, ఒక్కొక్కటి 48 డీపీ చొప్పున 288 డీపీ అవుతుంది. 360 డీపీ వెడల్పున్న ఫోన్‌లో ఇది హాయిగా ఇముడుతుంది. కాబట్టి స్థలం చాలదన్న సాకు ఇక్కడ చెల్లదు.

మౌస్ పైకి వచ్చినప్పుడు రంగు మారడాన్ని అదనపు సహాయంగానే చూడండి, ఎందుకంటే ఫోన్ వాడేవారికి అది కనిపించదు. కీబోర్డుతో పేజీలో తిరిగేవారికి, ప్రస్తుతం ఏ అంశం మీద ఉన్నారో చూపే ఫోకస్ గీత ఉండాలి. అందంగా లేదని దాన్ని తొలగించే అలవాటు నాకు సుతరామూ నచ్చదు. 2013లో ఐఫోన్ నిర్వహణ వ్యవస్థ ఐఓఎస్ 7 చాలా బటన్ల అంచులు తీసేసి రంగు అక్షరాలను మాత్రమే మిగిల్చింది. మరుసటి ఏడాది 7.1లో బటన్ ఆకారాలను తిరిగి చూపించే సెట్టింగును ఆపిల్‌యే చేర్చవలసి వచ్చింది.

తెలుగు పేజీకి మరొక జాగ్రత్త కావాలి. 'టికెట్ రద్దు నియమాలు' అనే లింకు కింద గీత గీస్తే అది 'ద్దు'లోని వత్తుకు తగులుతుంది, లేదా బ్రౌజర్ అక్కడ గీతను తెంచుతుంది. సీఎస్ఎస్‌లోని టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్‌తో గీతను వత్తుల కిందికి దించండి, వరుసల మధ్య ఎడం పెంచండి. బటన్ ఎత్తును స్థిరంగా కట్టేయకుండా పైనా కిందా ప్యాడింగ్ (అక్షరాలకూ అంచుకూ మధ్య ఖాళీ) ఇస్తే 'స్త్రీ' వంటి అక్షరాలు తెగిపోవు.

అభ్యాసం: నాలుగు వరుసల సీట్ల పటం తయారు చేయండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని రెండరింగ్ ట్యాబ్‌లో దృష్టిలోపాలను అనుకరించే సదుపాయంతో రంగులన్నీ తీసేసి చూపించి, ఈ పేజీని ఎన్నడూ చూడని ఒకరిని 'ఏ సీట్లు నొక్కవచ్చు?' అని అడగండి. వారు సూచిక కోసం వెతికితే ముందు అంచులను సరిచేయండి, రంగుల జోలికి తరువాత వెళ్లండి. సీటు నొక్కిన తరువాత ధర, మొత్తం ఎలా స్పందించాలో 5వ పాఠంలో చూద్దాం.