నల్లగొండ నుంచి వాడరేవు: పడవలొచ్చే వేళకు అందుకోవడం ఎట్లా

ఎండాకాలం సెలవుల్లో పిల్లలను తీసుకుని, బాపట్ల జిల్లా చీరాల పక్కన సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు వాడరేవుకు పోదామనుకునేవాళ్లు ముందు క్యాలెండర్ చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఆంక్ష. మన బడులకు సెలవులు కూడా దాదాపు అప్పుడే. అలలు, ఇసుక ఎటూ ఉంటాయి కానీ ఆ పడవలన్నీ ఒడ్డెక్కి ఉంటాయి, పళ్లెంలోకి వచ్చేది ఎక్కువగా ఐసులో పెట్టిన చేప, చెరువులో పెంచిన రొయ్య. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. డిసెంబరును కూడా పూర్తిగా నమ్మలేం: 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరిదాకా పోతే అన్నివిధాలా మేలు. ఆదివారం మాత్రం వద్దు. జనం ఎక్కువ, చేప ధర కూడా ఎక్కువే.

కారులో అయితే మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. దాదాపు ఐదు గంటల దారి. రైలులో అయితే నల్లగొండ, గుంటూరు, తెనాలి మీదుగా పోయే బండిలో చీరాల టికెట్ తీసుకోండి. మహబూబ్‌నగర్ వాళ్లకు ఆ వైపు నేరుగా లైను లేదు కాబట్టి సికింద్రాబాద్ వచ్చి ఎక్కడమే సులువు. చీరాల నుంచి వాడరేవుకు ఆటోలు ఉంటాయి. పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చేరితే చూడాల్సింది అప్పటికే అయిపోతుంది. సాయంత్రానికి చేరి, రాత్రి పడుకుని, తెల్లారేసరికి ఒడ్డున ఉండాలి.

చీకటితో పోయిన ఫైబర్ పడవలు పొద్దెక్కుతుంటే ఒక్కొక్కటిగా వస్తాయి. చేపను అక్కడ కిలోల్లో తూచరు, కుప్పలు పోసి వేలం పాట పెడతారు. పాట నడుస్తుంటే మధ్యలో దూరి ధర అడగకండి. అది వ్యాపారులకూ పడవవాళ్లకూ మధ్య లెక్క. పాటలో కొన్న ఆడవాళ్లు పక్కనే బుట్టలు పెట్టుకుని చిల్లరగా అమ్ముతారు, మీ బేరం వాళ్లతో. చిన్న నోట్లు వెంట ఉంచుకోండి. శుభ్రం చేసి ముక్కలు కొట్టడానికి కొంచెం డబ్బు వేరే ఇవ్వాలి. ఆరబెట్టిన వలల మీద అడుగు వేయొద్దు, చెప్పుకు తగులుకుంటే దారాలు తెగుతాయి. ఫొటో తీసేముందు ఒక మాట అడగండి.

బొచ్చె, రవ్వు, కొర్రమీను తిన్న నాలుకకు మొదట కానాగంతలు అనే సముద్రపు చేపలు రుచి చూపించండి. చౌక, సన్నముళ్ల బాధ తక్కువ, చింతపండు పులుసుకు సరిపోతాయి. నెత్తళ్లు అనే చిన్న చేపలు వేపుడుకు. వంజరం, చందువ ఖరీదు. వంజరాన్ని పులుసు పెట్టి పాడుచేసుకోవడం కంటే ముక్క వేయించుకోవడమే న్యాయం. ఏది కొన్నా కన్ను ఉబ్బి తేటగా, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి.

స్నానం దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. బావిలో, సాగర్ కాలువలో ఈదినవాళ్లే ఇక్కడ ధైర్యం చేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ఒడ్డుకు వచ్చిన నీరు ఏదో ఒక సన్నని దారి వెంట జోరుగా లోపలికి మళ్లుతుంది. ఆ దారిలో అల విరగదు, నురగ ఉండదు, నీళ్లు మట్టిరంగులో ఉండొచ్చు. చూసేవాళ్లకు అదే నిమ్మళమైన చోటులా కనిపించి అక్కడికే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకండి, రెండు నిమిషాల్లో రెక్కలు పడిపోతాయి. ఒడ్డుకు సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు బయటికి రండి. ఈత చాలకపోతే తేలుతూ చెయ్యెత్తి కేకేయాలి. మోకాలు దాటి దిగకపోతే ఇంత కథే లేదు. అమావాస్య, పున్నములకు పోటు పెద్దది. మందు తాగి అసలే దిగొద్దు. ఎవరైనా పడవలో తిప్పుతామంటే, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి.

ఇంటికి చేప తేవాలంటే కొన్న చోటే పేగులు, మొప్పలు తీయించండి. థర్మోకోల్ పెట్టెలో కిలో చేపకు కిలో నలగ్గొట్టిన ఐసు, వరుస ఐసు, వరుస చేప, పైన మళ్లీ ఐసు. కరిగిన నీళ్లలో చేప నానొద్దు, దారిలో ఒకట్రెండుసార్లు వంపేయండి. కానాగంతల విషయంలో ఇది మరీ ముఖ్యం. చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం పుడుతుంది, ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబారి, దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. ఐసు అనుకున్నంత దొరకకపోతే పచ్చివి వదిలేసి ఎండు నెత్తళ్లు కట్టించుకుని రండి.