డ్రైయర్ ప్లగ్ సాకెట్‌లో పట్టడం లేదా? ఇలా చూడండి

అమెరికాలో ఇల్లు మారిన చాలామందికి ఎదురయ్యేదే ఇది. బట్టలు ఆరబెట్టే డ్రైయర్ ప్లగ్‌కి నాలుగు పిన్నులుంటే గోడకి మూడు కన్నాలే ఉంటాయి, లేదంటే అటుది ఇటు. 1996 ఎలక్ట్రికల్ కోడ్ (అక్కడి వైరింగ్ నిబంధనలు) నుంచి కొత్తగా వేసే డ్రైయర్ లైన్లకి విడిగా ఎర్త్ వైరు ఉండాలి, అందుకే నాలుగు కన్నాలు. పాత ఇళ్లలో మూడు కన్నాలవి అలాగే ఉండిపోయాయి. టెన్షన్ పడకండి, సాకెట్ జోలికి పోకుండా దానికి సరిపోయే 30 ఆంప్స్ పవర్ కార్డ్ (ప్లగ్‌తో వచ్చే వైరు) కొని మార్చుకుంటే చాలు.

ముందు ప్లగ్ పీకేసి, డ్రైయర్ వెనక చిన్న రేకు మూత విప్పండి. వరసగా మూడు స్క్రూలు కనిపిస్తాయి. మధ్యది న్యూట్రల్, అటూ ఇటూ ఉన్నవి హాట్, అంటే కరెంటు వచ్చేవి. నాలుగు వైర్ల కార్డ్ అయితే తెలుపు మధ్యకి, ఎరుపు, నలుపు చెరో పక్కకి, ఆకుపచ్చది డ్రైయర్ బాడీకి. అందరూ మర్చిపోయేది ఇక్కడే: మధ్య స్క్రూ నుంచి బాడీకి ఒక పట్టీగానీ వైరుగానీ ఉంటుంది, నాలుగు వైర్లకి మారితే దాన్ని తీసేయాలి. మూడు వైర్లకి వెళ్తుంటే మాత్రం అది ఉండి తీరాలి, ఎందుకంటే బాడీకి వేరే ఎర్త్ లేదు. ఆ పద్ధతిలో న్యూట్రల్ ఎక్కడైనా తెగితే డ్రైయర్ బాడీకే కరెంటు వస్తుంది, కోడ్ మార్చింది అందుకే. గోడలో ఎర్త్ వైరు లేకుండా నాలుగు కన్నాల సాకెట్ బిగించేయడం మాత్రం ఉత్త మోసం, పైకి బాగానే కనిపిస్తుంది.

పిన్నుల లెక్క సరిపోయినా దూరట్లేదా? న్యూట్రల్ కన్నం చూడండి. ఎల్ ఆకారమైతే 30 ఆంప్స్, నిలువు గీతలా ఉంటే 50, అది స్టవ్‌ది. డ్రైయర్‌కి మామూలు చిన్న ప్లగ్ ఉంటే అది బహుశా గ్యాస్‌ది, 120 వోల్టులు చాలు.

ప్లగ్ పట్టింది, డ్రమ్ తిరుగుతోంది, బట్టలు మాత్రం చల్లగా, తడిగానే ఉన్నాయంటే రెండు హాట్‌లలో ఒకటి రావట్లేదేమో. మోటారుకి 120 వోల్టులు సరిపోతాయి, హీటర్‌కి 240 కావాలి. డ్రైయర్ లైన్‌కి ఉన్న జంట బ్రేకర్‌ని (కలిపి ఉండే రెండు స్విచ్‌లు) పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. అయినా వేడి రాకపోతే ప్లగ్ పీకి స్క్రూలు చూడండి. నాకు ఒకటి అర చుట్టు వదులుగా దొరికింది, దాని పక్కన వైరు తొడుగు అప్పటికే గోధుమరంగుకి తిరిగి కమురు వాసన కొడుతోంది. అలా ఉంటే ఆ కార్డ్ మళ్లీ వాడకండి, మార్చేయండి.