గోపాల్‌పూర్ గాలి అంచనా ఇలా సరిచేశాను

విండ్‌సర్ఫింగ్‌కి (తెరచాప కట్టిన బోర్డు మీద సముద్రంలో తిరగడానికి) వెళ్లేముందు బరంపురం పేరు కొట్టి ఫోర్‌కాస్ట్ చూస్తే, ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్ గాలి ఎప్పుడూ తక్కువే చూపించేది. ఆ అంకెలు వచ్చే జీఎఫ్‌ఎస్ (అమెరికా వాతావరణ అంచనా మోడల్) డేటాలో మ్యాపు మీద ఒక్కో గడి 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది, నేలా సముద్రమూ ఒకే గడిలో కలిసిపోతాయి. నేల రాపిడికి గాలి జోరు తగ్గుతుంది కదా! మ్యాపులో చోటు చూపే పిన్‌ను తీరం నుంచి 15 కిలోమీటర్లు ఆగ్నేయంగా, సముద్రంలోకి జరిపాను. ఇప్పుడు అంకె బీచ్‌లో తగిలే గాలికి దగ్గరగా వస్తోంది.

టైమూ చూసుకోవాలి, ఫోర్‌కాస్ట్‌లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే, 06 యూటీసీ అంటే మనకు పొద్దున 11:30.

సగటు గాలి వేగం 12 నాట్లే ఉన్నా గస్ట్ (ఉన్నట్టుండి వీచే జోరుగాలి) 22 ఉంటే చిన్న సెయిల్ (తెరచాప) కట్టండి. అన్నిటికన్నా దిక్కు ముఖ్యం. చలికాలం పొద్దున్నే వాయవ్యం నుంచి వీచే నేలగాలి బోర్డును సముద్రం లోపలికి లాక్కుపోతుంది. ఇసుకలో పాతిన వెదురుకు రిబ్బన్ కట్టండి, అది ఊరివైపు ఎగిరేదాకా నీళ్లలో దిగొద్దు.