హ్యాండ్‌పాన్ ఎలా వాయించాలి? ముందు చెయ్యి వెనక్కి తీయడం నేర్చుకోండి

రెండు ఉక్కు మూకుళ్లు ఒకదానిపై ఒకటి బోర్లించి అతికించినట్టుండే ఈ వాద్యాన్ని 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ ‘హాంగ్’ పేరుతో తయారుచేశారు. నూనె పీపాల ఉక్కుతో చేసే ట్రినిడాడ్ స్టీల్‌పాన్ దీనికి తల్లి అయితే, మన ఘటం మేనమామ.

మొదట చేతుల ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. గీత పడితే తుప్పు అక్కడే మొదలవుతుంది. పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చుని, వాద్యాన్ని తొడల మీద పెట్టుకోండి. మోకాళ్లు కాస్త ఎడంగా ఉంచండి, లేకపోతే అడుగున ఉన్న రంధ్రం మూసుకుపోయి మంద్రనాదం చచ్చిపోతుంది.

ఇక దెబ్బ. అసలు విద్యంతా ఇక్కడే ఉంది. మణికట్టు వదులుగా ఉంచి, చూపుడువేలి మెత్తటి భాగంతో తట్టి వెంటనే తీసేయండి. వేడి పెనం తగిలితే వేలు ఎలా వెనక్కి వస్తుందో అలా రావాలి. వేలు ఒక్క క్షణం ఆగినా ఉక్కు కంపించడం ఆగిపోయి, ‘టప్’మని మొద్దు శబ్దం వస్తుంది. చాలామంది అది బలం చాలకనుకుని ఇంకా గట్టిగా కొడతారు. అప్పుడు స్వరం చిట్లి జరజరమంటుంది. అదే అలవాటైతే కొన్నాళ్లకు శ్రుతి తప్పుతుంది.

తట్టే చోటు కూడా ముఖ్యమే. పైమూకుడు మీద ఒక్కో స్వరానికీ ఒక గుంట ఉంటుంది. ఆ గుంట మధ్యలో కాదు, గుంటకీ దాని చుట్టూ ఉన్న స్వరం అంచుకీ నడుమ తట్టండి. నెత్తిమీద బుడిపెలా ఉండే నడిమి స్వరం ‘డింగ్’కైతే బుడిపె పక్కన. స్వరాల మధ్య ఖాళీ ఉక్కు మీద వేళ్లతో తడితే ‘టక్’ వస్తుంది. తాళానికి అది చాలు.

ఒక్కో వాద్యాన్ని ఒక్కో స్వరవరసకి శ్రుతి చేసి అమ్ముతారు. కొత్తవాళ్లకి ‘డి కుర్డ్’ అనే వరస సుళువు. డింగ్ మంద్ర షడ్జం, చుట్టూ ప ద ని స రి గ మ ప. స్వరస్థానాలు నఠభైరవి రాగానివే. త-క-ధి-మి అనుకుంటూ డింగ్, ప, ద, ని. చేతులు మారుస్తూ, నిమిషానికి 60 దెబ్బల వేగంతో మొదలుపెట్టండి. నాలుగూ ఒకే గట్టితనంతో వినిపించేదాకా వేగం పెంచకండి. సాధారణంగా ఎడమచేతి దెబ్బే తేలిపోతుంది కాబట్టి దానికి విడిగా సాధన ఇవ్వండి.

వాయించాక చెమట పొడిగుడ్డతో తుడవండి. నైట్రైడింగ్ చేసిన (నత్రజనితో పైపొరను గట్టిపరిచిన) ఉక్కయినా తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఇంకా తొందరగా. అప్పుడప్పుడు పల్చటి నూనె రాసి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. నూనె పొర మందమైతే నాదం మందగిస్తుంది. తడి ఆరకుండా సంచిలో పెట్టకండి, ఎండలో నిలిపిన కారులో అసలు వదలకండి.

శ్రుతి పోతే ఇంట్లో సుత్తి తీయొద్దు. ప్రతి గుంటలోనూ మూలస్వరం, పైస్థాయిలో అదే స్వరం, ఆపై దాని పంచమం మూడూ కలిపి శ్రుతి చేసి ఉంటాయి. ఒకటి సరిచేయబోతే మిగతా రెండూ పోతాయి.