బొమ్మలు వదిలేశామన్న బాధ పెన్సిల్ దాకా రాకపోతే: సమస్య - పరిష్కారం

"అప్పుడు బొమ్మలు గీయడం వదలకుండా ఉంటే ఈపాటికి..." అని బాధపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఒక్కటే: గత నెలలో ఎన్ని కాగితాలు గీశారు? ఒక్కటీ లేకపోతే కారణం కోసం ఇంకెక్కడా వెతకొద్దు. ఒక 2బీ పెన్సిల్, కొన్ని మామూలు ఏ4 కాగితాలు రోజూ కూర్చునే చోట చెయ్యి చాపితే అందేలా పెట్టి, వారం పాటు రోజుకు 15 నిమిషాలు గీయండి. బీరువాలో దాచిన కొత్త రంగుల డబ్బా, చూసిన వీడియోలు లెక్కలోకి రావు. ఇంత చిన్న విషయాన్ని దాటేసి ఏళ్ల తరబడి కుమిలిపోయేవాళ్లే ఎక్కువ.

బాధ ఉంది, ఏం గీయాలో తోచదు

కారణం: "ఆర్టిస్టుని కాలేకపోయాను" అన్న మాటలో చేయడానికి పనేమీ లేదు. పోయిందేమిటో విడదీసి రాయండి. నేర్చుకోలేకపోయిన పనితనమా, దొరకని తోటివాళ్లా, రాని పేరా? పేరు మన చేతిలో లేదు, పక్కన పెట్టండి. తోటివాళ్ల లోటుకు వారానికోసారి కలిసి గీసే ఒక్క మనిషి చాలు. పనితనం సంగతి ఇవాళే మొదలుపెట్టవచ్చు. "ఆర్ట్ కాలేజీలో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయించేవారు, నాకది దక్కలేదు" అని రాశారనుకోండి, ఇంట్లో టీవీ చూస్తున్న మనిషిని ఒక్కోటి 2 నిమిషాల్లో, 5 సార్లు గీయడమే ఈ రాత్రి పని.

మొదలుపెట్టారు, నాలుగు రోజులకే ఆగిపోయింది

పైకి బద్ధకంలా, తీరిక లేనట్టు కనిపిస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గీయడం మానేసిన ఏళ్లన్నీ కన్ను మంచి బొమ్మలు చూస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఆగిన చోటే ఉండిపోయింది. అందుకే కొత్త బొమ్మలో ప్రతి తప్పూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పాత నోటుబుక్కులోవే నయమనిపిస్తుంది. ముఖం కాస్త వంకరపోగానే "ఇన్నేళ్లూ పాడుచేసుకున్నాను" అనో, "నాకు మొదటినుంచీ రాదు" అనో ఆ ఒక్క కాగితాన్ని బట్టి జీవితం మొత్తానికి తీర్పు చెప్పేసుకుంటారు. పెన్సిల్ కింద పడుతుంది.

నిర్ధారించుకోవడం తేలిక. ఆపేసిన రోజు వేసింది ముఖమో, పూర్తి రంగుల చిత్రమో అయితే కారణం ఇదే.

పరిష్కారం: నెల రోజులు బాగుందా లేదా అన్న ప్రశ్నే రాని పనులు చేయండి. మొదటి వారం కాగితం వైపు చూడకుండా, కన్ను వస్తువు అంచు వెంట ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిలూ అంతే నెమ్మదిగా కదులుతూ ఒకే గీత. వంకరగానే వస్తుంది, రావాలి కూడా. రెండో వారం కుర్చీని కాదు, దాని కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలను గీయండి. మూడో వారం నిమిషానికొకటి చొప్పున రోజుకు 10 మనుషుల భంగిమలు, రబ్బరు ముట్టుకోకుండా. నాలుగో వారం తెలుపు నుంచి నలుపు దాకా 5 మెట్ల నీడ పట్టీ, తర్వాత ఒకే దీపం వెలుగులో గుడ్డు. నీడవైపు అంచున, కింద బల్ల మీద పడి తిరిగొచ్చే వెలుగును దాదాపు అందరూ మరీ తెల్లగా వదిలేస్తారు. అది వెలుగు పడిన వైపుకన్నా ఎప్పుడూ ముదురుగానే ఉండాలి.

ప్రతి కాగితం మీదా తేదీ వేసి బోర్లించి పెట్టండి. నెలాఖరున మొదటి కాగితంతో మాత్రమే పోల్చండి. ఆ తర్వాతే ముఖాల జోలికి వెళ్లండి. కళ్లు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయి, చాలామంది పైకి జరిపేస్తారు.

"వయసు దాటిపోయింది"

డచ్ కళాకారుడు వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27వ ఏట. ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ రూసో పారిస్‌లో సుంకం వసూలు ఉద్యోగం మానేసి పూర్తిగా బొమ్మలకు అంకితమయ్యేసరికి 49 ఏళ్లు. అమెరికా చిత్రకారిణి గ్రాండ్మా మోజెస్ డెబ్బై దాటాక పట్టుగా వేయడం మొదలుపెట్టింది. వయసు అడ్డమన్న మాట ఇంతటితో వదిలేయండి. వాళ్లకొచ్చినట్టే పేరు వస్తుందని మాత్రం అనుకోవద్దు.

అరుదైనవి

కుడిచేతివాళ్లకు దీపం కుడివైపునే ఉంటే చేతి నీడ గీత మీద పడుతుంది, ఎడమకు మార్చండి. దగ్గరవి మసకగా ఉంటే కళ్లు చూపించుకోండి. నిద్ర పట్టక, ఏ పని మీదా మనసు పోక వారాలు గడుస్తుంటే అది బొమ్మలతో తీరేది కాదు, డాక్టరును కలవండి.