హంటింగ్టన్ వ్యాధి ఉన్నవారికి కంప్యూటర్ మీద ఆలోచనా వేగం పరీక్ష ఎలా పెట్టాలి?

హంటింగ్టన్ అనేది వారసత్వంగా వచ్చే మెదడు జబ్బు. ఆ పేరు అనగానే అదుపు లేకుండా కదిలే చేతులే గుర్తొస్తాయి. నిజానికి చాలామందిలో ఆ కదలికలకు ఏళ్ల ముందే ఆలోచన నెమ్మదిస్తుంది. హెచ్‌టీటీ జన్యువులో సీఏజీ అనే డీఎన్ఏ అక్షరాల వరుస మరీ ఎక్కువసార్లు పునరావృతం కావడం దీనికి మూలం. కంప్యూటర్ పరీక్ష ఆ మందగమనాన్ని పట్టుకోగలదు, సరిగ్గా పెడితేనే.

ముందు నిశ్శబ్దమైన గది, కదలని కుర్చీ, ప్రతిసారీ అదే కంప్యూటర్ చూసుకోండి. పరీక్ష ఉదయమే పెట్టాలి. నిద్ర పట్టిందా, దిగులుగా ఉందా అని అడగండి. మందులు ఎప్పుడు వేసుకున్నారో రాసుకోండి. ఆ కదలికలను తగ్గించడానికి ఇచ్చే టెట్రాబెనజిన్ మగత తెప్పించవచ్చు. టచ్ స్క్రీన్ వద్దే వద్దు. వేలు దానంతటది తగిలినా జవాబుగా నమోదవుతుంది. ముంజేయి ఆనించుకునే చోటు, రెండు పెద్ద మీటలు చాలు.

ఇక అందరూ చెడగొట్టేది అభ్యాస విడత. టైం లేదని ఒకటి రెండు ప్రశ్నలతో సరిపెట్టి అసలు పరీక్షలోకి దూకేస్తారు. అలా చేస్తే వచ్చిన అంకె దేన్ని కొలిచిందో ఎవరూ చెప్పలేరు.

మొదట తెర మీద గుర్తు కనబడగానే ఒకే మీట నొక్కించండి. అది చెయ్యి వేగం. తర్వాత రెండు గుర్తులు, రెండు మీటలు. ఇప్పుడు అదనంగా పట్టిన సమయంలోనే ఎంచుకోవడానికి మెదడు తీసుకున్న సమయం తెలుస్తుంది. మొదటిది వదిలేస్తే చెయ్యి నెమ్మదితనమంతా ఆలోచన ఖాతాలో పడుతుంది.

ఆ తర్వాత పరీక్ష మొత్తం ఒకసారి చేయించి, ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయండి. రెండోసారి చాలామంది మెరుగ్గా చేస్తారు, పద్ధతి అలవాటైంది కాబట్టి. మొదటి ఫలితాన్నే ప్రాతిపదికగా పట్టుకుంటే, మరుసటి ఏడు ఆ అలవాటు లాభం అసలు క్షీణతను కప్పేస్తుంది. కొత్త మందు పనిచేసిందని పొరబడేది ఇలాగే.

విడత నడుస్తుండగా "త్వరగా" అనకండి. మొదలుపెట్టడమే వీళ్లకు కష్టం. మౌనంగా ఉన్నారంటే రాదని కాదు. పక్కన కూర్చున్న భార్యో కొడుకో జవాబు అందించకుండా చూడండి.

90 సెకన్లలో గుర్తులకు అంకెలు వేయించే కాగితం పరీక్షే మేలని వాదించేవాళ్లున్నారు. అందులో మొత్తం ఎన్నో తెలుస్తుంది కానీ, ఏ జవాబు దగ్గర ఎంతసేపు ఆగారో తెలియదు. నేనైతే కంప్యూటరే వాడమంటాను.

స్కోరును ఆ మనిషి పాత స్కోరుతోనే పోల్చండి. రోగుల పిల్లల్లో జన్యు పరీక్ష వద్దనుకున్నవాళ్లు కూడా మీ ముందు కూర్చోవచ్చు. వాళ్ల దగ్గర అంకె చూసి జబ్బు ఉందనో లేదనో ఒక్క మాట కూడా జారకండి. ఫలితాల కాగితం నేరుగా వాళ్ల డాక్టరుకే ఇవ్వండి.